సైన్ డై అని రాసుకో

1977లో వానలు మొదలైన రోజులు. అప్పుడు నేను మానుకోటలో ఎన్.ఎం.ఎ.గా పనిచేస్తున్నాను. రైల్వేస్టేషను బోర్డు మీద మహబూబాబాదు అని ఉంటుంది గానీ, టికెట్టు కొనేవాళ్లంతా మానుకోట అనే అడిగేవారు. ఎన్.ఎం.ఎ. అంటే నాన్ మెడికల్ అసిస్టెంటు. డాక్టరు కాదని పేరులోనే చెప్పినా జనం వినేవారు కాదు. సైకిలుకు సంచి తగిలించుకుని వచ్చినవాడల్లా వాళ్లకు డాక్టరే. కుష్ఠురోగం ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవడం, వాళ్లకు నెలనెలా గోలీలు చేర్చడం నా ఉద్యోగం. పల్లెల్లో ఆ రోగం పేరు ఎత్తేవారు కాదు, పెద్దరోగం అనేవారు. నా పెళ్లిచూపుల్లో నేను చేసే పని ఏమిటో చెప్పగానే, చేతికిచ్చిన చాయ్ గ్లాసును వెనక్కి తీసుకున్న ఇల్లు కూడా ఒకటుంది. ఆ ఇంటి చాయ్ తాగనందుకు నేనేమీ నష్టపోలేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతోమందిని చూశాను. ఎవరైనా మీ అనుభవం ఒకటి చెప్పమంటే మాత్రం నాకు ముందుగా గుర్తొచ్చేది సుదర్శనం సారే.

ఆయన బయ్యారం రోడ్డు మీది ఒక ఊళ్లో హైస్కూలు ఇంగ్లీషు టీచరు. సొంతూరు చిట్యాల దగ్గర, భూములున్న కుటుంబం. నేను ఆ బడికి సర్వేకు వెళ్లాను. సర్వే అంటే పెద్ద పనేమీ కాదు. పిల్లల చొక్కాలు విప్పించి, వెలుతురు పడే కిటికీ పక్కన నిలబెట్టి, వీపూ చేతులూ చెవులూ చూడాలి. రాగిరంగు మచ్చ కనబడితే కళ్లు మూసుకోమని పత్తిపీచుతో తాకి, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమనాలి. తాకినట్టు తెలియకపోతే మనం వెతికేది దొరికినట్టే.

నేనా పనిలో ఉండగా పక్క గదిలోంచి గొంతు వినిపిస్తోంది. పదో తరగతికి ఇంగ్లీషు పాఠం.

"ఎటర్నల్ అంటె మొదలు లేదు, తుద లేదు. ఎవర్‌లాస్టింగ్‌కు మొదలుంటది, తుద ఉండదు. పర్పెచువల్ అంటె నడుమ ఆగది. అన్నీ ఒక్కటే అనుకుంటె మార్కులు పోతయ్. ఇగ పర్మనెంట్ అంటె ఏంది? ఎవలన్న చెప్పున్రి."

"సర్కారు నౌకరి సార్!" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది.

"కూసో. గది గుడ రిటైరయ్యేదాంకనే."

నాకూ నవ్వొచ్చింది. పాఠం అయిపోయాక ఆయన బయటికొచ్చి, పిల్లల వరుస చూసి, "నా వీపు గుడ చూస్తవా తమ్మీ?" అని హాస్యమాడుతూ కిటికీ పక్కన నిలబడ్డాడు. వెలుతురు ఆయన చెవి మీద పడింది. చెవితమ్మె దళసరిగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. కనుబొమ్మల చివర వెంట్రుకలు పలచబడ్డాయి. నా నవ్వు ఆగిపోయింది.

"సారు, ఇంటర్వెల్ల ఒకసారి మాట్లాడాలె" అన్నాను.

ఆయన తెలివైనవాడు. నా మొహంలోకి చూసి తల ఊపాడు.

మానుకోట దవాఖానలో స్కిన్ స్మియర్ తీశాం. చెవితమ్మెను నొక్కిపట్టి, బ్లేడుతో సన్నగా గీరి, ఊరిన రసాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటమే స్మియర్. రోగం ఉంటే క్రిములు ఎర్రటి పుల్లల్లా కనిపిస్తాయి. ఆయన పలక మీద కుప్పలుకుప్పలుగా ఉన్నాయి. మా డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, మెత్తని మనిషి. కుర్చీ వేయించి కూర్చోబెట్టి చెప్పాడు.

"డాప్సోన్ గోలీ రోజూ వేసుకోవాలండి. కొన్ని నెలలు వాడాక మీ నుంచి ఎవరికీ అంటుకోదు. ఇంట్లో మామూలుగా ఉండొచ్చు. కానీ మానకూడదు. లైఫ్‌లాంగ్."

సుదర్శనం సారు "లైఫ్‌లాంగ్ అంటె ఎవరి లైఫ్ డాక్టరుగారూ? నాదా, దానిదా?" అన్నాడు.

డాక్టరుగారు నవ్వబోయి ఆగిపోయాడు. "మీదేనండి" అన్నాడు.

అప్పటికి వైద్యానికి తెలిసింది అంతే. ఆయన విన్నది మాత్రం చివరి మాట ఒక్కటే. అంటుకోదన్న మాట, ఇంట్లో మామూలుగా ఉండొచ్చన్న మాట ఆయన చెవిన పడనే లేదు. అప్పటికి ఆయన కూతురు స్వరూప ఉయ్యాల్లో ఉంది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన ఒక గీత గీసుకున్నాడు. ఆయన కంచం వేరు, గ్లాసు వేరు, మంచం అరుగు మీద. బడిలో అందరి చాక్‌పీసులు పెట్టె నుంచి వస్తే ఆయనవి మాత్రం కళ్లద్దాల డబ్బాలో ఉండేవి. ఒక్క ముక్క కూడా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. సారుకు పిసినారితనమని పిల్లలు గుసగుసలాడుకునేవారు. రోగం సంగతి బడిలో ఎవరికీ తెలియదు. గోలీలు నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవాణ్ని. మా ఇద్దరికీ దోస్తీ కుదిరిందని ఊరు అనుకుంది. నిజంగానే కుదిరింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన బిడ్డను ఎత్తుకోకపోవడం ఒక ఎత్తు. పాకుతూ కాళ్ల దగ్గరికి వస్తే లేచి అవతలికి పోయేవాడు. ఆయన భార్య సరోజనక్క భయపడే మనిషి కాదు. భయం లేని మనిషికి కోపం ఎక్కువ. నేను వెళ్లినప్పుడల్లా ఆ కోపం నా ముందు పెట్టేది.

"అన్నా, నువ్వన్న చెప్పు. నన్ను ముట్టకుంటె పాయె. పిల్ల ఏం చేసింది? బాపు అని చేతులు చాపుతది, ఈయన గోడకు అతుక్కపోతడు."

"అంటుకోదు సారు, డాక్టరు చెప్పిండు గద" అని నేను అనేవాణ్ని.

"చెప్పిండు. లైఫ్‌లాంగ్ అని గుడ చెప్పిండు. అంటుకోనిదానికి లైఫ్‌లాంగ్ గోలీలు ఎందుకు మరి?" అనేవాడు. దానికి నా దగ్గర జవాబు ఉండేది. అయితే జవాబు వినే చెవి ఆయనకు ఉండేది కాదు.

స్వరూపను బడిలో వేసే ముందు ఇంట్లో అక్షరాభ్యాసం పెట్టారు. నన్నూ పిలిచారు. పళ్లెంలో బియ్యం పోసి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి 'ఓం' దిద్దించాల్సింది తండ్రి. సరోజనక్క పుట్టింటి నుంచి వచ్చిన మేనమామ దిద్దించాడు. సుదర్శనం సారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. జీవితమంతా ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పిన మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు, రానివ్వలేదు.

భోజనాలయ్యాక ఇద్దరం బయటికొచ్చాం. బావి గట్టున కూర్చున్నాక ఆయన అడిగాడు.

"యాదగిరీ, అరవైతొమ్మిదిల నువ్వేడున్నవ్?"

"వరంగల్ల. పి.యు.సి. సదువుతున్న. ఉద్యమంల కాలేజి మూసిన్రు, ఏడాది పోయింది."

"గేటుకు ఏమని రాసి అంటిచ్చిన్రు?"

"సైన్ డై అని."

"అప్పుడు నీకు అర్థమైందా?"

"కాలే సారు. ఇగ ఎన్నడు తెరువరేమో అనుకున్న. మా బాపు వచ్చి నాగలి పట్టుమన్నడు."

ఆయన నవ్వాడు. "నేనప్పుడు బి.ఇడి.ల ఉన్న. నాక్కుడ గట్లనే గుండెల పడ్డది. డిక్షనరీ తీసి చూసిన. రోజు చెప్పకుండ, అని ఉన్నది. అంతే. ఎన్నటికి అని గాదు. మూసినోళ్లకు గుడ తెల్వది, ఎన్నడు తెరుస్తరో. మల్ల తెరిచిన్రా లేదా?"

"తెరిచిన్రు."

"గందుకే చెప్తున్న. మీ డాక్టరు లైఫ్‌లాంగ్ అన్నడు. ఆయనను కాదనెతందుకు నేనెవణ్ని? నువ్వు మాత్రం నా పేరుకాడ సైన్ డై అని రాసుకో. మందుల కార్డు మీద వద్దు. మనసుల రాసుకో."

రాసుకున్నానని చెప్పాను. ఆయన అక్కడితో ఆగలేదు.

"తెలుగు అక్షరం మేనమామ దిద్దిచ్చిండు. ఇంగ్లీషు అక్షరం మాత్రం నేనే దిద్దిస్త. చెయ్యి పట్టుకోని దిద్దిస్త. అప్పటిదాంక దానికి ఎ అంటె ఏందో తెల్వొద్దు."

ఇదేం మొండితనమని నాకు చిరాకు వేసింది. అప్పట్లో మా పల్లెల సర్కారు చిన్నబడుల్లో ఇంగ్లీషు ఉండేది కాదు. ఆరో తరగతికి పెద్దబడికి వచ్చాకే ఎ బి సి డిలు. అంటే ఆయనకు ఉన్న గడువు అంతవరకే. అప్పటికి కొత్త మందు రాకపోతే, ఆ అక్షరాలు కూడా ఎవరో ఒకరు నేర్పేస్తారు. రాదనే నేను అనుకున్నాను. ఆయన ముందు మాత్రం అనలేదు.

ఏళ్లు గడిచాయి. మా ఇద్దరి మధ్య ఒక అలవాటు పడింది. నేను నెలకు సరిపడా గోలీలు ఇస్తే, "ఉత్తగ తీసుకుంటె బాగుండదు" అని ఆయన నాకో ఇంగ్లీషు మాట ఇచ్చేవాడు. అన్నీ అంతులేని కాలానికి చెందిన మాటలే. పెరెన్నియల్ అంటే ఎండాకాలంలోనూ ఎండని వాగు. ఇమ్మెమోరియల్ అంటే వెనక్కి ఎంత దూరం పోయినా మొదలు దొరకనిది. ఇన్ పర్పెచ్యుయిటీ అనేది భూమి పత్రాల్లో ఉంటుంది, "రాసినోడు పోతడు, రాయించుకున్నోడు పోతడు, భూమి మాత్రం గాణ్ణే ఉంటది" అనేవాడు. ఇంటర్మినబుల్ అంటే ఏమిటని నేనే అడిగాను. "మా హెడ్‌మాస్టరు పంద్రాగస్టు నాడు మాట్లాడుతడు సూడు, గది" అన్నాడు. క్రానిక్ నా వృత్తిలో రోజూ వినే మాటే. ఎప్పటికీ తగ్గనిదని అనుకునేవాణ్ని. "కాదు, చాన రోజులు గుంజేది. గుంజేదానికి ఆఖరు ఉంటది" అని సరిదిద్దాడు. ఫరెవర్ సంగతి అడిగితే మాత్రం, "గది పిలగాండ్ల మాట, దాన్నిడిసిపెట్టు" అనేవాడు.

ఊళ్లో ఎగతాళి ఎగతాళిగానే సాగింది. ఇంగ్లీషు సారు బిడ్డకు ఎ బి సి డిలు రావట! పక్కింటి బస్సు కండక్టరు పిల్లలు ఆమెను ఆటపట్టించేవారు. స్వరూప ఏమీ అనేది కాదు. తండ్రికి దూరంగా కూర్చుని తెలుగు పుస్తకాలు గట్టిగా చదివి వినిపించేది. ఆయన అరుగు మీంచి తప్పులు దిద్దేవాడు. ఇద్దరి మధ్యా వాకిలంత ఎడం ఉండేది.

1985 చివర మమ్మల్ని ట్రెయినింగుకు వరంగల్ పిలిచారు. అక్కడే మొదటిసారి ఎం.డి.టి. అనే మాట విన్నాను. మల్టీ డ్రగ్ థెరపీ. ఒక్క డాప్సోన్ కాదు, మూడు మందులు కలిపి ఇస్తారు. నెలకోసారి ఇచ్చే పెద్ద మోతాదును రోగి మా కళ్లెదుటే మింగాలి. ఇలా కనీసం రెండేళ్లు. ఆ తర్వాత స్మియరులో క్రిములు కనబడకపోతే ఆర్.ఎఫ్.టి. అంటే రిలీజ్డ్ ఫ్రమ్ ట్రీట్‌మెంట్, మందుల నుంచి విడుదల. లెక్చరరు బోర్డు మీద ఆ మూడక్షరాలు రాస్తుంటే నా ఒళ్లు జలదరించింది. పక్కవాడు ఏమైందని అడిగాడు. చలి అన్నాను.

మానుకోటలో రైలు దిగి ఇంటికి కూడా పోకుండా సైకిలెక్కాను. సారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. రొప్పుతూనే అంతా చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఇన్నొద్దులు లైఫ్‌లాంగ్ అన్నరు. ఇప్పుడు రెండేండ్లు అంటున్నరు. మీకు మాటలంటె గింత లెక్కలేదా యాదగిరీ? ఆ మాట పట్టుకోని నేను నా బిడ్డను ముట్టలే."

"అప్పుడు తెల్సింది గంతే సారు. ఇప్పుడు ఎక్కువ తెల్సింది."

"రేపు మల్ల ఇంకోటి తెలుస్తది!"

లోపల్నుంచి సరోజనక్క వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. "తెలువనియ్యి. సైన్ డై అని నువ్వే అన్నవ్ గద. గేటు తెరుస్తున్నరంటె గింత కోపమెందుకు?" అంది. ఆయన మడిచిన పేపరును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "క్లినిక్ ఎన్నడు?" అన్నాడు.

నెలకోసారి మా జీపు వచ్చి గ్రామపంచాయితీ ఆఫీసు వరండాలో క్లినిక్ పెట్టేది. ఇన్నేళ్లలో సారు అక్కడికి ఒక్కసారీ రాలేదు. ఈ మందు మా ముందే మింగాలి కాబట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వరండాలో ఉన్నవాళ్లు సర్దుకుని చోటిచ్చారు. అక్కడ ఎవరెవరు కూర్చున్నారో బయట చెప్పకపోవడం వాళ్ల మధ్య ఉన్న కట్టుబాటు. పక్కన తండా నుంచి వచ్చిన సోనీ అవ్వ కూర్చుంది. వేళ్లు కొన్ని వంకరపోయాయి గానీ నోరు మాత్రం చక్కగా ఉండేది.

"పంతులూ, నువ్వు గుడనా? మంచిగైంది, తోడు దొరికింది. ఎన్నొద్దులు మింగాలంట?"

"రెండేండ్లు అవ్వా."

"ఓస్, గంతేనా? రెండు పంటలు!"

ఆయన పకపకా నవ్వాడు. ఇన్నేళ్ల స్నేహంలో ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆ మూడింట్లో రిఫాంపిసిన్ అనే మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పాం. సోనీ అవ్వ మరిచిపోయి, మరునాడు తండా అంతా చాటింది, రోగం రంగుగా మారి బయటికి పోతోందని. పోయిన రోగానికి కోడిని కూడా కోసింది. తండాలో దాక్కున్న రోగులు ఇద్దరు ఆ సంబరం చూసి మరుసటి క్లినిక్కుకు వాళ్లే వచ్చారు. మా పాంప్లెట్లన్నీ చేయలేని పని అది. నేనెందుకు కాదంటాను?

క్లోఫాజిమిన్ అనే మరో మందుకు చర్మం నల్లబడుతుంది. సారు ఎర్రటి మనిషి. మొహం, చేతులు ఇటుక కాలినట్టు అయ్యాయి. ఏమైందని హెడ్‌మాస్టరు అడిగితే, ఎండన పడి తిరుగుతున్నానన్నాడు. అద్దం చూసుకోవడం మానేశాడని సరోజనక్క చెప్పింది. ఒక్క నెల కూడా మందు మాత్రం మానలేదు.

1988 ఎండాకాలానికి రెండేళ్లు నిండాయి. జూన్లో స్వరూప ఆరో తరగతికి పెద్దబడికి రావాలి. ఆరుకు ఇంగ్లీషు చెప్పేది ఆయనే. స్మియర్ తీశాం. ఒక చెవి శుభ్రం. రెండో చెవి పలక మీద అక్కడక్కడా నాలుగు పుల్లలు. అప్పటికి మాకు జనగామ నుంచి కొత్త డాక్టరమ్మ వచ్చింది. వయసు చిన్నదే గానీ మాట దాచే మనిషి కాదు.

"ఇవి చచ్చిన క్రిములే కావచ్చు సారు. కని రూల్ ప్రకారం పలక సాఫ్ అయ్యేదాక మందు ఇయ్యాలె. రెండు మూడు నెలలకు మల్ల చూస్తం. మీతోని ఎవలికి అంటుకోదు, గది పక్కా."

సారు తల ఊపి వచ్చేశాడు. ఇంటికి వచ్చాక సరోజనక్క ఇన్నేళ్ల కోపాన్నీ ఒక్కసారే బయటపెట్టింది.

"పిల్ల చెయ్యి పట్టెతందుకు గుడ సర్కారు దస్కత్ కావాల్నా? డాక్టరమ్మ అంటుకోదు అన్నది. పెద్ద డాక్టరు పదేండ్ల కిందనే అన్నడు. ఇంక ఎవలు చెప్పాలె నీకు?"

"సరోజనా, నేను బతుకంత పిలగాండ్లకు ఒక్కటే చెప్పిన. మాటను మాట లెక్క చూడుమన్న. లైఫ్‌లాంగ్ అన్ననాడు లైఫ్‌లాంగే అనుకున్న. రిలీజ్డ్ అన్ననాడు రిలీజ్డ్ అనుకుంట. నడుమల నాకు తెల్వది."

నాకూ ఒళ్లు మండింది. లేచి వచ్చేశాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం, ఎవరికైనా హాని చేస్తానేమోనని ఇన్నేళ్లు తన చేతులను తానే కట్టేసుకున్న మనిషిని ఎలా తిట్టగలనని దిగులేసింది.

జూన్లో బడి తెరిచారు. అప్పుడు ఆయన చేసిన పని ఇంకెవరూ చేయరు. నేను పిల్లల సర్వేకు వెళ్తే ఆరో తరగతి గదిలోంచి కోరస్ వినిపిస్తోంది.

"దిస్ ఈజ్ మై హ్యాండ్! దట్ ఈజ్ యువర్ హ్యాండ్!"

తొంగి చూశాను. బోర్డు మీద ఒక్క గీత లేదు. పిల్లలెవరి దగ్గరా పుస్తకం తెరిచి లేదు. చేతులు ఎత్తుతున్నారు, దించుతున్నారు, వేలు చూపిస్తున్నారు, అరుస్తున్నారు. స్వరూప రెండో వరుసలో ఉంది. నాకు విషయం అర్థమైంది. బోర్డు మీద ఎ రాస్తే తన బిడ్డ దాన్ని ఆయన చెయ్యి పట్టి దిద్దించకముందే బోర్డు మీద చూసేస్తుంది. అందుకని తరగతి మొత్తాన్నీ అక్షరాల దగ్గరికే రానివ్వకుండా నోటితో నడిపిస్తున్నాడు!

బయట హెడ్‌మాస్టరు పట్టుకున్నాడు. "ఏంది సుదర్శనం, వానలు పడి నాట్లు గుడ అయితున్నయ్, నీ బోర్డు మీద ఇంక గీత పడలే?"

"కొత్త పద్ధతి సార్. ముందుగాల నోరు, తర్వాత చెయ్యి."

ఆ పిల్లలు టీచర్లను చూడగానే 'గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ' అని ధాటిగా మాట్లాడటం చూసి హెడ్‌మాస్టరు ఆ పద్ధతి గురించి పక్క ఊళ్లలో గొప్పగా చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆగస్టులో మళ్లీ స్మియర్ తీశాం. ల్యాబులో పలకలు చూసే ఆయన వెనకాలే నిలబడ్డాను. మొదటి చెవి, ఏమీ లేదు. రెండో చెవి. ఆయన పలకను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశాడు. చివరికి కుర్చీ జరిపి, "నువ్వే చూడు" అన్నాడు. వేసిన నీలం రంగు తప్ప ఎర్రటి పుల్ల ఒక్కటీ లేదు. నేను ఆ నీలాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాను.

డాక్టరమ్మ నన్ను జీపులో ఎక్కించుకుని తనే వచ్చింది. అప్పటికి బడి వదిలారు. సారు ఇంటి అరుగు మీద ఉన్నాడు.

"సారు, మీకు ఆర్.ఎఫ్.టి. ఇస్తున్న. రిలీజ్డ్. ఇయ్యాలటి నుంచి గోలీలు బంద్. కొన్నేండ్లు ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటె చాలు."

ఆయన లేచి నిలబడ్డాడు. "పర్మనెంటా మేడం?"

ఆమె ఆయన కుడిచెయ్యి తీసుకుని చిటికెన వేలు, ఉంగరపు వేలు నొక్కింది. ఆ రెండు వేళ్లకూ ఎప్పుడో స్పర్శ పోయింది. "గిది పర్మనెంటు సారు. నరం పోయింది, మల్ల రాదు. వేడి తగుల్తె గుడ మీకు తెల్వది, జాగ్రత్త. రోగం మాత్రం పోయింది."

"గంతె చాలు," అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి, "సరోజనా, పళ్లెంల బియ్యం పొయ్యి" అన్నాడు.

బావి దగ్గర సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతే నేను వద్దని సైగ చేశాను. స్వరూప అప్పటికి పొడుగైంది. పదకొండేళ్ల పిల్ల. బియ్యం పళ్లెం చూసి సిగ్గుపడింది. "నేను చిన్నపిల్లనా బాపూ?" అంటూనే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎదురుగా కాదని ఆయన పక్కకు పిలిచాడు. పక్కన కూర్చుంది. నల్లబడిన ఆ పెద్ద చెయ్యి ఆమె చేతి మీద పడింది.

ఒక గీత పైకి వెళ్లింది. రెండో గీత కిందికి దిగుతుండగా ఆ పిల్ల మొహం చిట్లించింది.

"బాపూ, నొస్తాంది. గంత గట్టిగ పట్టుకోకు."

ఆయన ఉలిక్కిపడి తన వేళ్ల వైపు చూసుకున్నాడు. ఎంత నొక్కుతున్నాయో ఆ రెండు వేళ్లకు తెలియదు. పట్టు సడలించాడు.

"ఇప్పుడు?"

"ఇంక జర."

"ఇప్పుడు?"

"ఆ, ఇప్పుడు మంచిగున్నది."

అడ్డగీత గీశారు. ఎ పూర్తయింది. బియ్యంలో కొంచెం వంకరగా ఉంది గానీ ఎ అయింది. ఆయన కళ్లలోంచి నీళ్లు బియ్యంలో పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి వదలడం లేదు. తర్వాత బి. సి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చెయ్యి ఆయన చేతికన్నా ఒక అడుగు ముందే తిరుగుతోందని నాకు కనబడింది.

సరోజనక్క నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "దానికి నిరుడే వచ్చు అన్నా. కండక్టరు పిల్లలు చెప్పిన్రు. బస్సుల మీది పేర్లు సదువుతది. బాపు ముందట రానట్టే ఉంటది."

ఆ మాట నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అన్ని వందల మంది పిల్లల చేతుల్ని చూసిన మాస్టారుకు, వచ్చిన చెయ్యి ఏదో రాని చెయ్యి ఏదో తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు జెడ్ దాకా వెళ్లారు. మర్నాడు ఆరో తరగతి బోర్డు మీద ఎ పడింది. కళ్లద్దాల డబ్బాలోని చాక్‌పీసు తీసి, మిగతాది రాయమని ఆయన ఒక పిల్లవాడి చేతిలో పెట్టాడట.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. చెవితమ్మె నిగనిగలాడే మనిషి ఎదురుగా కూర్చుని, "ఎన్నడు తగ్గుతది సారు?" అని అడిగినప్పుడల్లా నాకు సుదర్శనం సారు గొంతు వినిపించేది. తెలిసినప్పుడు నెలలు చెప్పాను. తెలియనప్పుడు, "రోజు చెప్పలేను" అన్నాను. ఎన్నటికీ తగ్గదని మాత్రం నా నోటి నుంచి రానివ్వలేదు. రోజు తెలియకపోవడం వేరు, ఎన్నటికీ లేకపోవడం వేరు. ఆ రెంటికీ మధ్య ఒక తండ్రి తన బిడ్డ చెయ్యి పట్టుకునేంత చోటు ఉంటుందని నేను నా కళ్లతో చూశాను.